తన్వా కణాలకు నిద్ర పట్టలేదు

"జ్వరం?"

"లేదు."

"గాయం, పుండు, వాపు?"

"లేదు."

"నొప్పి ఎక్కడైనా?"

"మీరు సూది గుచ్చాక ఉంటుంది, డాక్టర్ గారూ."

"నేనింకా డాక్టర్ని కాను. పిడికిలి బిగించండి," అంది రిన్.

ఖోన్ కేన్ విశ్వవిద్యాలయంలోని ఆ ల్యాబ్‌లో ప్రతి మంగళవారం ఉదయం ఇదే సంభాషణ. మాస్కు పైనుంచి తన్వా కళ్ళు మాత్రం నవ్వుతుండేవి. ల్యాబ్‌లో అందరికీ మాస్కులే కనుక రిన్‌కు అతని ముఖంలో తెలిసిన భాగం అంతే. అది చాలదని ఆమెకు అనిపించిన మాట నిజమే.

రిన్ పరిశోధన న్యూట్రోఫిల్స్ మీద. ఒంట్లోకి సూక్ష్మజీవి చొరబడితే అందరికంటే ముందు పరుగెత్తే తెల్లకణాలివి. వచ్చినదాన్ని మింగి చంపి, ఆ పోరులో తామూ పోతాయి. బయటికి తీస్తే కొన్ని గంటలే బతుకుతాయి కాబట్టి ఎప్పటికప్పుడు తాజా రక్తం కావాలి, అదీ ఆరోగ్యవంతుడిది. క్యాంపస్ రేడియోలో గురువారాలు మధ్యాహ్నం కార్యక్రమం నడిపే తన్వా ఆ పనికి తనంతట తానే వచ్చాడు. ప్రతిఫలం ఒక పళ్ళరసం, ఒక బిస్కెట్ ప్యాకెట్. బిస్కెట్లు ఎప్పుడూ జేబులో వేసుకుని వెళ్ళిపోయేవాడు.

ఒక ట్యూబులో అతని కణాలకు వరి మడుల బురదలో దొరికే సూక్ష్మజీవిని, చంపినదాన్నే, చూపించేది రిన్. రెండో ట్యూబులో ఉప్పునీళ్ళు తప్ప ఏమీ ఉండవు. మొదటిదాంట్లో కణాలు మేలుకోవాలి, రెండోదాంట్లో నిద్రపోవాలి.

తన్వా కణాలు రెండింట్లోనూ మేలుకునే ఉన్నాయి. శత్రువు జాడే లేని ఉప్పునీళ్ళలో చొక్కా చేతులు మడుచుకుని నిలబడ్డాయి.

రిన్ ఉప్పునీళ్ళు మార్చింది. ట్యూబులు మార్చింది. తన చేతుల్నే అనుమానించి, ల్యాబ్ టెక్నీషియన్ బున్మా అక్క చేత చేయించింది. ఆవరణలోని భూదేవత గూటికి మొక్కుగా ఎర్ర సోడా సమర్పించి, సైన్సులో ఇది భాగం కాదని తనకు తనే చెప్పుకుంది.

రిన్ పరిశోధనకు గైడ్ ఆచార్య సిరికన్యాగారు ఓపిక మనిషి. ఆవిడ ఓపిక కూడా అయిపోయింది. "శుక్రవారం నాకు చూపించు. ఉప్పునీళ్ళ ట్యూబు అప్పటికీ ఇలాగే ఉంటే ఈ పని ఆపేద్దాం. ఇంకో అంశం ఇస్తాను."

ఇంకో అంశమంటే మొదటినుంచి మొదలు. రిన్ తలూపి మళ్ళీ ట్యూబుల దగ్గరికి వెళ్ళింది.

గురువారం మధ్యాహ్నం. బయట వాన దంచుతోంది. బున్మా అక్క రేడియో పెట్టింది. శ్రోతల ఫోన్ల కార్యక్రమం. నామ్ ఫోంగ్ నుంచి ఒక ముసలావిడ.

"బాబూ తన్వా, పన్ను సలుపు. ముద్దన్నం కూడా నమలలేకపోతున్నా."

"లవంగ నూనె, అమ్మమ్మా! దూదిలో ముంచి అదిమి పెట్టండి. వానలు మొదలైనప్పట్నించీ నాదీ అదే వైద్యం. ఎడమ దవడ బూరెలా ఉంది. మాస్కు పుణ్యమా అని పరువు దక్కింది."

రిన్ చేతిలో పిపెట్ ఆగిపోయింది.

వాపు, ఎరుపు, వేడి, నొప్పి: మొదటి సంవత్సరం పిల్లలకు ఇన్‌ఫ్లమేషన్ లక్షణాలు వల్లె వేయించేది తనే. ఆ నాలుగూ ఇన్ని మంగళవారాలు జానెడు దూరంలో కూర్చుని తనతో పరాచికాలాడి వెళ్ళాయి.

ఆమె ఫోన్ తీసి రేడియో నంబరు కలిపింది.

"హలో, చెప్పండి! ఎక్కడ్నించి?" అంది రేడియో.

"మీ రక్తం దగ్గర్నించి."



"డాక్టర్ గారూ..."

"నొప్పి ఎక్కడైనా ఉందా అని అడిగానా లేదా?"

"అడిగారు."

"మరి ఆ పన్ను ఎవరిది, పక్కింటివాళ్ళదా? పీకించుకోలేకపోయారా?"

"పీకితే మందులిస్తారు. మందులు వాడేవాళ్ళ రక్తం మీరు తీసుకోరు."

"తీసుకోం. అయితే?"

"అయితే మంగళవారం నాకు మీ ల్యాబ్‌లో ఏం పని?"

రిన్‌కు కోపం ఉంది. చాలా ఉంది. దాన్ని ఏ మాటల్లో పెట్టాలో వెతుక్కుంటుండగా స్టూడియోలో ఎవరో జాలిపడి పాట వేశారు. బున్మా అక్క రేడియో గొంతు తగ్గించి, కిటికీ వైపు తిరిగి వాన చూడసాగింది. కొన్ని సాయాలు అలా వీపు తిప్పుకునే చేస్తారు.

శుక్రవారం రిన్ తలవంచుకుని చెప్పింది. "నేను ఆరోగ్యవంతుడనుకున్న మనిషికి పంటి ఇన్ఫెక్షన్, మేడం. నా ఫలితాలన్నీ చెత్తబుట్టకే."

"విన్నాను. క్యాంపసంతా విన్నది," అన్నారు సిరికన్యాగారు. "చెత్తబుట్ట ఎందుకు? పంటి చిగురులో వాపు ఉంటే ఎక్కడో రక్తంలో కణాలకు నిద్ర లేకుండా పోయింది. అది కూడా ఫలితమే. పన్ను పీకించు. నయమయ్యాక మళ్ళీ చూడు. అదే మనిషి, ముందూ తర్వాతా. పని ఆపక్కర్లేదు."

రిన్ కళ్ళు తుడుచుకుంది.

"ఒక్కటి. ఇంత బహిరంగంగా చెప్పుకున్నాక అతని చేతికి నువ్వు సూది గుచ్చకూడదు. అతన్ని ప్రశ్నలు అడగాల్సిందీ, రక్తం తీయాల్సిందీ బున్మా. నీకు ట్యూబు వస్తుంది, దానిమీద నంబరు ఉంటుంది, పేరుండదు."

తన్వా పన్ను పోయింది. మందులూ అయిపోయాయి. వరి కోతల వేళకు ఒక మంగళవారం బున్మా అక్క అతని రక్తం తీసింది. రిన్ పక్క గదిలో నంబరున్న ట్యూబుతో కూర్చుంది. నంబరు ఎవరిదో తెలియనట్టు నటించడానికి చాలా శ్రమపడింది.

మధ్యాహ్నానికి బయటికి వచ్చేసరికి అతను మెట్ల మీద ఉన్నాడు, మాస్కు లేకుండా. అతని ముఖాన్ని ఆమె మొత్తంగా చూడటం అదే మొదలు. అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువసేపే చూసింది.

"ఎలా ఉన్నాయి?"

"ఉప్పునీళ్ళలో ఒక్కటీ కదల్లేదు. హాయిగా నిద్రపోతున్నాయి."

"నాలో అంత ప్రశాంతంగా ఉండేవాళ్ళు కూడా ఉన్నారా? మరి ఈ గుండె ఎందుకిలా కొట్టుకుంటోంది?"

"అది మా విభాగం కాదు," అంది రిన్, అతని పక్క మెట్టు మీద చోటు చేసుకుని కూర్చుంటూ. "సెలవు పెట్టొచ్చాను. చెప్పండి, ఎప్పట్నించి?"