వెనక సీటుకు సరిపడే హెల్మెట్

అయితే ఈ నల్లదానిలో కూడా ఇరవై నిమిషాలు దాటాక నుదురు నొక్కుకుపోతే? నొక్కుకుపోతోందని బండి నడిపేవాడు ఒక చేయి తీసి దాన్ని సర్దుకోబోతే? సరిగ్గా అప్పుడే గేదె అడ్డం వస్తే? సరే, గేదె రాలేదు, గుంట వచ్చింది. గుంట కూడా లేదనుకుందాం. వెనక కూర్చున్న మనిషి...

శ్రీనివాసులు ఆలోచన ఏ దారిన బయల్దేరినా అక్కడికే వచ్చి ఆగుతుంది. పామును పసిగట్టిన ఎద్దులా, 'వెనక కూర్చున్న మనిషి' దగ్గర మొరాయించి నిలబడిపోతుంది.

హెల్మెట్ లోపల తన ఊపిరి తనకే వినబడుతోంది. ముందున్న అద్దానికి ఆవిరి పట్టింది. ఆ ఆవిరి వెనకాల, కౌంటర్ మీద మోచేతులు ఆనించి రేఖ మసకగా కనబడుతోంది.

"ఏంది సార్, లోపలనే నిద్రవోయినవా?"

అతను అద్దం పైకెత్తాడు. "ఇంకా పద్నాలుగు నిమిషాలే అయింది."

"అవునా. నేను ఇంటర్ పరీక్ష గుడ గింత ఓపికతోని రాయలె."

మూసాపేట మెయిన్ రోడ్డు మీది ఆ ఆటో స్పేర్స్ దుకాణం రేఖ వాళ్ళ నాన్న లింగమూర్తిది. రేఖ పొద్దున డిగ్రీ కాలేజీకి పోతుంది, సాయంత్రాలు అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటుంది, మధ్యలో దుకాణంలో కూర్చుంటుంది. శ్రీనివాసులు ఇక్కడికి రావడం ఇది నాలుగో శనివారం.

అతను మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌లోని ఒక కంపెనీలో టెస్టర్. రెండు వేల సంవత్సరం రాగానే ఏ కంప్యూటర్ ఎక్కడ కుప్పకూలుతుందో ముందుగా ఊహించి రాయడం అతని ఉద్యోగం. ఊహించడానికి అతనికి జీతం ఇవ్వనక్కర్లేదు. చిన్నప్పటి నుంచీ ఉచితంగా చేస్తున్న పనే అది. ఆఫీసులో ఏడుగురు కలిసి నల్లమల అడవిలోంచి శ్రీశైలం దాకా బైకుల మీద వెళ్దామనుకున్నారు. రాళ్ళ దారులు, ఎండ, దుమ్ము. అన్నింటికీ తట్టుకునే హెల్మెట్ ఏదో తేల్చే బాధ్యత టీం లీడర్ మధుకర్ తీసుకొచ్చి ఇతని నెత్తిన పెట్టాడు.

శ్రీనివాసులు నోట్‌బుక్కులో గళ్ళు గీశాడు. సుఖం, గాలి, గట్టితనం. తెల్లది, నల్లది, ముందుకు టోపీ అంచులా పొడుచుకొచ్చిన ఎర్రది. ప్రయాణం రెండుసార్లు వాయిదా పడింది. "Y2K అన్న వస్తది గని నీ రిపోర్ట్ రాదు తమ్మీ" అని మధుకర్ క్యాంటీన్‌లో అందరి ముందూ అన్నాడు.

రిపోర్టు రాకపోవడానికి కారణం హెల్మెట్లు కావు. ఆ ప్రయాణంలో ఎవరో ఒకరిని వెనక ఎక్కించుకోవాలి. రెండున్నరేళ్ళుగా శ్రీనివాసులు తన బండి వెనక సీటు మీద మనిషిని కూర్చోనివ్వలేదు. అక్కడ ఎప్పుడూ ఒక సంచి కట్టి ఉంటుంది. అందులో ఒక రెయిన్‌కోటు తప్ప ఏమీ ఉండదు.

దీనికి తోడు, రేఖ. రెండో శనివారం నుంచే అతను దుకాణానికి వచ్చేది హెల్మెట్ కోసం కాదని అతనికి తెలిసిపోయింది. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి భయం రెండింతలైంది.

పోయిన శనివారం అది బయటపడింది కూడా. ఉన్నట్టుండి వాన మొదలైంది. రేఖ ఫైలు గుండెలకు హత్తుకుని, "సీనూ, జర అమీర్‌పేట దాకా దించుతవా? క్లాసుకు లేటయితంది" అంది. అతని నోటికి అబద్ధం తన్నుకుంటూ వచ్చింది.

"వెనక షాక్ అబ్జార్బర్ పోయింది. ఇద్దరిని మోయదు."

రేఖ వానలోనే బండి దగ్గరకు నడిచి, రెండు అరచేతులతో సీటును ఒక్కసారి నొక్కింది. సీటు మెత్తగా దిగి, మెత్తగా లేచింది. నడవడం నేర్చినప్పటి నుంచీ బండ్ల మధ్య పెరిగిన పిల్ల. అతని వంక ఒక చూపు చూసి, బస్సు కోసం వానలో పరుగెత్తింది.

అందుకే ఇవాళ వచ్చినప్పటి నుంచీ ఒక్కసారి కూడా 'సీనూ' అని పిలవలేదు. అంతా 'సార్' మీదనే నడుస్తోంది.

"సుఖం: ఫెయిల్" అని నల్లదాని గడిలో రాశాడతను. "నుదురు నొప్పి."

"తెల్లదానికి గుడ గదే రాసినవు. ఎర్రదానికి గుడ. అన్ని కంపెనీలు కలిసి నీ నుదురు మీద పగ వట్టినయా?"

లోపలి గదిలోంచి లింగమూర్తి చేతులకు గ్రీజుతో బయటికొచ్చాడు. "గట్టిగున్నదా లేదా అని పరేషాన్ ఎందుకు బిడ్డా? ఇటియ్యి, నేలకేసి కొట్టి చూపిస్త." గిరాకీలకు ఆయన ఎప్పుడూ చూపించే పరీక్ష అది. హెల్మెట్ నేల మీద బంతిలా ఎగరాలి, గిరాకీ నోరు తెరవాలి.

"వద్దంకుల్!" శ్రీనివాసులు దాదాపు అరిచాడు. "ఒకసారి పడినదాన్ని ఇంక నమ్మకూడదు. పైకి గీత కూడా కనబడదు. లోపలి థర్మాకోల్ నలిగిపోయింటుంది."

లింగమూర్తి అతని ముఖం కేసి వింతగా చూశాడు. తర్వాత గోడ గడియారం కేసి చూశాడు. "అరె, నాలుగైంది. రేఖా, ఐదింటికి నీ కోర్సు పరీక్ష గదా? ఆటోల బంద్ నడుస్తంది ఇయ్యాల. బస్సులకు మనుషులు గబ్బిలాల లెక్క యాలాడుతున్నరు."

"నడుసుకుంట వోత."

"నడుసుకుంట వోతే రిజల్ట్స్ టైముకు చేరుతవు. నా స్కూటర్ ఇంజన్ ఇప్పి పెట్టిన. సీనూ, జర పిల్లను దించి రావా బిడ్డా?"

శ్రీనివాసులు నోట్‌బుక్కులో గీసిన గీత మీదే మళ్ళీ గీత గీశాడు.

"వద్దు బాపు," అంది రేఖ, పెన్ను మూత బిగిస్తూ. "సార్ బండికి షాక్ వోయిందట."

"ఎప్పుడు వోయింది? మొన్ననే గదా నేను జూసింది! కొత్తదాని లెక్క పని చేస్తున్నది!"

లింగమూర్తి కూతురు మొహం చూశాడు, అతని మొహం చూశాడు. "పానా ఏడ పెట్టిన్నో ఏమో" అని గొణుక్కుంటూ లోపలికెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

"ఇగ చెప్పు," అంది రేఖ. గొంతు తగ్గించింది, కోపం తగ్గించలేదు. "నేనెక్కితె నీ బండి మైలవడ్తదా?"

"అయ్యో, అట్ల కాదు..."

"మరి ఎట్ల? ఆఫీసుల ఎవరన్న ఉన్నదా? ఉంటె ఉన్నదని చెప్పు, నాకేం ఫికర్ లేదు. మూడు శనివారాల సంది చిన్న సైజులు అడుగుతున్నవు. అవి నీ తలకు పట్టేటివి కావు. నాకు తెల్వదనుకున్నవా? ఒక సైజు చిన్నది నెత్తికి ఇరికించుకుంటె నుదురు నొయ్యక పూలు పూస్తయా? ఎవ్వరికి కొంటున్నవు?"

శ్రీనివాసులు నోట్‌బుక్కు కేసి చూశాడు. మూడు గళ్ళు, మూడు ఫెయిళ్ళు. మూడు శనివారాలుగా వేరొకరి తలకు కావలసినదాన్ని తన తల మీద పరీక్షిస్తున్నాడు. ఆఫీసులో ఇలాంటి తప్పు చేసిన జూనియర్‌ను అతనే మందలించేవాడు. ఇంత చిన్న విషయం తనకెలా తట్టలేదు? తట్టకూడదని లోపల ఎవరో కాపలా కూర్చున్నారేమో. ఏదో ఒకటి పాసైతే దాన్ని ఎవరి తలకో పెట్టాలి, ఆ తలను వెనక కూర్చోబెట్టుకోవాలి.

"తిమ్మప్ప అని, మా మేనమామ కొడుకు," అన్నాడు. మాట ఎక్కడ మొదలైందో అతనికే తెలియలేదు. "గుత్తి దగ్గర పోతాండాము. రోడ్డు మీద ఉలవ పరిచినారు. బండ్లు తొక్కితే గింజ రాలుతుందని మా కాడ పరుస్తారు. నేను చూసినాను. చూసి కూడా పోనిచ్చినా, ఏమైతుందిలే అని. జారింది."

రేఖ మోచేతులు మళ్ళీ కౌంటర్ మీద ఆనించింది.

"హెల్మెట్ నాకొక్కడికే ఉంది. నా హెల్మెట్‌కు ఇంత గీత పడింది, అంతే. వాడు పదకొండు దినాలు కర్నూలు ఆసుపత్రిలో కళ్ళు తెరవలేదు. ఇప్పుడు బాగుండాడు. ఎడమ చెవి వినబడదు. తిట్టేవాళ్ళను ఎడమపక్కనే కూర్చోబెట్టుకుంటా, హాయిగా ఉంటుంది అని నవ్వుతాడు."

"ఆయన నీ బండెక్కుతడా ఇప్పుడు?"

"ఊరికి పోయినప్పుడల్లా అడుగుతాడు. నేనే ఎక్కించుకోను."

"అంటె పడ్డోడు భయపడ్తలేడు. పడేసినోడు భయపడ్తుండు."

ఆమె ఆ మాటను ఎత్తిపొడుపుగా అనలేదు. లెక్క చూసి చెప్పినట్టు చెప్పింది. అందుకే అది సూటిగా లోపలికి దిగింది. రెండున్నరేళ్ళుగా అతను కాపాడుతున్నది వెనక కూర్చునే మనిషిని కాదు, ఇంకోసారి తప్పు చేయకుండా తనను తాను. ఆ సంగతి ఈ పిల్ల కౌంటర్ మీద మోచేతులు ఆనించి రెండు ముక్కల్లో తేల్చేసింది.

"ఇంకోటి చెప్పలె," అంది. "చిన్న సైజు ఎవ్వరికి?"

"మీకే."

"ఆ?"

"మీ తల కొలత తెలియదు. ఊహించినాను. శ్రీశైలానికి రమ్మని అడగాలని... శ్రీశైలం కాకపోయినా... ఎక్కడికైనా." చెవులు కాలిపోతున్నాయి. "అడిగితే మీరు సరేనంటారేమోనని భయం."

రేఖ బుగ్గలోకి వచ్చిన నవ్వును పళ్ళ కింద తొక్కిపట్టింది. "కాదంటె భయపడేటోళ్ళను చూసిన గని, సరేనంటె భయపడేటోన్ని నిన్నే చూస్తున్న. ఇటియ్యి."

తెల్లది తీసి తలకు పెట్టుకుంది. "నెత్తి మీద నీళ్ళ బిందె పెట్టినట్టున్నది." తీసేసింది. ఎర్రది పెట్టుకుని గోడకున్న అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది. "గాలి మంచిగ వస్తంది గని, వానొస్తె మొఖమంత నానుతది." చివరికి నల్లది. గడ్డం కింద పట్టీ బిగించుకుని, తల ఎడాపెడా ఊపి, అరనిమిషం ఊరుకుంది.

"గిదే. దీనికి ఫెయిల్ అని రాసినవు. ఫెయిలైంది నీ నుదురు, హెల్మెట్ కాదు."

"నేను పడేస్తే?"

"ఆటోవోడు పడెయ్యనని కాయితం రాసిస్తడా? నా తలకాయ నేను చూసుకుంట. నువ్వు తొవ్వ చూడు." లోపలికి కేకేసింది. "బాపూ, నల్లది తీస్కవోతున్న!"

"పరీక్ష మంచిగ రాయి బిడ్డా," అంది మూసిన తలుపు. కాసేపాగి, "సీనూ, నువ్వు గుడ" అని కలిపింది.

బయట తుంపర పడుతోంది. వెనక సీటు మీది సంచిని శ్రీనివాసులు విప్పి దుకాణం లోపల పెట్టాడు. ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. రేఖ చున్నీని నడుముకు చుట్టి గట్టిగా ముడి వేసుకుంది. "చక్రంలో పడదు కదా?" అని అతను అడిగాడు. పడదంది. "రెండువైపులా కాళ్ళు వేసి కూర్చోండి" అన్నాడు. అట్లనే అంది. "నెమ్మదిగా పోతాను" అన్నాడు.

"పోతె గదా నెమ్మదిగ పోయేది!"

ఆమె ఎక్కింది. సీటు కిందికి దిగింది. ఆ బరువు వెన్నుపూస వెంబడి అతనిలోకి దిగింది. ఒక మనిషి, ఒక ప్రాణం, నవ్వు ఆపుకునేటప్పుడు బుగ్గను పళ్ళ కింద నొక్కిపట్టే ఒక పిల్ల. ఇంజన్ మోగుతోంది. ముందు తడి రోడ్డు, జనం వేలాడుతున్న బస్సు, సందులోంచి తలపెట్టిన లారీ. కర్నూలు ఆసుపత్రి ఫినాయిల్ వాసన ఎక్కడి నుంచో వచ్చి ముక్కుకు తగిలింది. బస్సు బ్రేకేస్తే? లారీ ఆగకపోతే? ఎర్రగడ్డ దగ్గర నీళ్ళు నిలిచి ఉంటే?

భయం దిగిపోలేదు. అది కూడా ఎక్కి కూర్చుంది. బండి మీద ముగ్గురయ్యారు.

"సీనూ," హెల్మెట్ లోంచి రేఖ గొంతు మెత్తగా వినబడింది. "నా పరీక్ష ఈ యేడాదే గదా?"

బస్సు పోనిచ్చాడు. లారీ పోనిచ్చాడు. తడి రోడ్డు మీద చిన్న ఖాళీ ఏర్పడింది.

శ్రీనివాసులు ఎడమ చేతి వేళ్ళు ఒక్కొక్కటే సడలించి, క్లచ్ వదిలాడు.