నెత్తురంటని కడుపు

"మా చెల్లి మనిషిని చంపిందంటున్నారు మేడమ్. అదీ కాదనడం లేదు," అంది వచ్చినావిడ. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

డిటెక్టివ్ తాగుతున్న టీ పక్కన పెట్టింది. ఆవిడ టీ వదిలేసిందంటే కేసు తీసుకున్నట్టేనని సహాయకుడికి తెలుసు. ఒకప్పుడు ఆయన కాంపౌండరు. ఇప్పటికీ అందరూ అలాగే పిలుస్తారు.

చెల్లెలికి తొమ్మిదో నెల. ఆ ఉదయం నొప్పులంటూ వీధి చివరి క్లినిక్‌కు వెళ్లింది. నర్సు స్కాన్ చేసి, కడుపులో బిడ్డే లేదంది. చెల్లెలు స్పృహ తప్పింది. కళ్లు తెరిచేసరికి నర్సు నేల మీద పడి ఉంది, మెడలో, రొమ్ములో ఏడు పోట్లతో. చెల్లెలి చేతిలో భర్త టైలరు షాపు కత్తెర ఉంది.

"అంతా నాటకమని ఇన్‌స్పెక్టర్ అంటున్నాడు. లేని బిడ్డకి పొట్టెలా వస్తుందట."

కాంపౌండరుకు ఒళ్లు మండింది. "నాటకం కాదమ్మా. బిడ్డ కోసం మనసు అంతగా కొట్టుకుంటే ఒళ్లూ నమ్మేస్తుంది. నెలసరి ఆగుతుంది, పొట్ట పెరుగుతుంది, పాలు కూడా పడతాయి. ఇద్దర్ని చూశాను నేను."

క్లినిక్ గోడ మీద నెత్తురు నిలువెత్తున చిమ్మి ఉంది. లేత పసుపు గౌనులో బల్ల మీద కూర్చుంది చెల్లెలు. అరచేతుల్లో మాత్రం నెత్తురు ఎండిపోయి ఉంది.

"నువ్వే పొడిచావా అమ్మా?" అడిగింది డిటెక్టివ్.

"గుర్తులేదండీ. నా కడుపే నాతో ఇంత అబద్ధమాడింది. చేతులేం చేశాయో నాకేం తెలుసు?"



భర్త గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కొత్త చొక్కా, అసలు కుట్టుకు ముందు వేసే టాకా దారం భుజం మీద ఇంకా విప్పలేదు. "పొద్దుటి నుంచీ షాపులోనే ఉన్నానండీ. బిడ్డ లేదని పోలీసులు చెబితేనే తెలిసింది. కత్తెర తనే తెచ్చుకునుంటుంది."

డిటెక్టివ్ చెల్లెలి సంచి విప్పింది. కాన్పు తర్వాత వేసుకోవడానికని అతను పోయిన వారం కుట్టిన రెండు గౌన్లు. తిప్పి తిప్పి చూసింది.

"వీధిలో బాలింతల గౌన్లన్నీ మీరే కుడతారటగా. ముందుకు తెరుచుకోవాలా?"

"పాలివ్వాలి కదండీ. ఎవడైనా అలాగే కుడతాడు."

డిటెక్టివ్ అక్కనీ, భర్తనీ, ఇన్‌స్పెక్టర్నీ లోపలికి పిలిచి తలుపు మూయించింది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఏడు పోట్లకి గోడంతా తడిసింది. ఇంత ముందుకొచ్చిన పొట్ట మీద ఒక్క చుక్కయినా పడలేదేం? కత్తెర తర్వాత ఈమె చేతిలో పెట్టారు." గౌన్లు బల్ల మీద పరిచింది. "వీటికి బొత్తాలు వెనక ఉన్నాయి. పాలివ్వాల్సిన పని రాదని కుట్టినవాడికి పోయిన వారమే తెలుసు. నర్సుకి అప్పటి పరీక్షలోనే అనుమానమొచ్చి ముందు అతనికి చెప్పుంటుంది."

గుమ్మడికాయల దొంగ అంటే తడుముకున్నట్టు టైలరు చెయ్యి భుజం మీదకు పోయింది.

"అవును, ఆ చొక్కానే. ఎవరి కొలతలకో కుడుతున్నది సగంలో తొడుక్కున్నారు. మీది నెత్తుటితో తడిసింది కనక."

"నర్సుని నేనెందుకు చంపుతాను?"

డిటెక్టివ్ క్లినిక్ బీరువాలో దొరికిన పాత చీటీ తీసింది. "రెండేళ్ల క్రితం ఈమెకి ఐదో నెలలో కడుపు పోయింది. మెట్ల మీంచి పడిందన్నారు. నర్సు మాత్రం 'పొత్తికడుపు మీద బూటు దెబ్బ' అని రాసుకుంది. ఆ దిగులే ఈ కడుపని ఆవిడకి అర్థమైంది. ఈసారి పోలీసులకి చెప్తానంది. భార్య ఇటు రాగానే మీరు కత్తెరతో వెనకే వచ్చారు."

టైలరు ఇనుప స్టూలు ఎత్తి భార్య కడుపు మీదకే విసిరాడు. కాంపౌండరు అడ్డంగా పడ్డాడు. మోచేతి కింద ఎముక పటుక్కుమంది. ఇన్‌స్పెక్టర్ టైలరు మెడ పట్టి గోడకు నొక్కేశాడు.

"లేని బిడ్డని ఉందని చెప్పి ఊరి ముందు నన్ను వెధవని చేసింది," అని అరుస్తూనే ఉన్నాడు, బయటకు ఈడ్చేవరకూ.

గది సద్దుమణిగింది. చెల్లెలు డిటెక్టివ్ చెయ్యి పట్టుకుంది.

"మొదటిది... అదైనా నిజంగా ఉందాండీ?"

"ఉందమ్మా. ఐదు నెలల బిడ్డ."

"ఏడిస్తే మళ్లీ తంతానన్నాడు. అందుకే ఏడవలేదు."

"ఇప్పుడు ఏడు తల్లీ," అంది అక్క, పక్కన కూర్చుని. రెండేళ్ల తర్వాత ఆ తల్లి తన బిడ్డ కోసం గొంతెత్తి ఏడ్చింది.