కూయని మీటరు

"నేనే విషం పెట్టానంటున్నారు సార్," అంది గుమ్మంలో నిలబడ్డావిడ. కూర్చోమన్నా కూర్చోలేదు.

ఆ డిటెక్టివ్‌ని ఊరంతా చాటుగా సోడాబుడ్డి అంటుంది, కళ్లజోడు అలాంటిది మరి. ఆయన దగ్గర పనిచేసే టైపిస్టు కూడా మనసులో అలాగే అనుకుంటుంది, కాకపోతే గౌరవంగా. టైపిస్టు వచ్చినావిడకి మంచినీళ్లిచ్చి, కాగితం తీసుకుని కూర్చుంది.

వచ్చినావిడ భర్త ఇనప పైపుల తుప్పు వదలగొట్టే ఆసిడ్ షెడ్డులో పనిచేసేవాడు. సాయంత్రం చక్కగా ఇంటికొచ్చాడు. అన్నం తిన్నాడు, కూతుర్ని నవ్వించాడు, పడుకున్నాడు. తెల్లారేలోపు ఊపిరాడక, నోటివెంట నురగ వచ్చి, ఆసుపత్రి చేరకముందే పోయాడు. ఆ షెడ్డుకి మేస్త్రీ అతని అన్నే. పొద్దున్నే వచ్చి పదిమందిలో అడిగిన మొదటి మాట, "రాత్రి ఏం పెట్టావమ్మా వాడికి?" ఆ ఒక్క మాటతో అత్తగారు పిల్లను తీసుకుని పెద్దకొడుకు ఇంటికి వెళ్లిపోయింది.

"ఒంట్లో విషం ఉందేమోనని పరీక్షకి పంపారట. జవాబు రావడానికి చాలా రోజులు పడుతుందట. ఈలోగా నా కూతురికి ఏం చెబుతున్నారో ఏమో! నిన్న వీధిలో నన్ను చూసి నానమ్మ వెనక్కి వెళ్లి దాక్కుంది సార్," అంటూ ఆవిడ ఏడ్చింది.

"ఆ రాత్రి మీరేం తిన్నారు?"

"అదే కూర. పాప కూడా."

"ఆయనకి దగ్గు ఉందా?"

"వచ్చినప్పుడు ఉంది. అన్నం వేళకి తగ్గిపోయింది. వేళ్లు మాత్రం పసుపచ్చగా అయిపోయాయి, ఎంత రుద్దినా పోలేదు."

"దగ్గు తగ్గిపోయిందా?" అని డిటెక్టివ్ కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఆయన కళ్లజోడు తీశాడంటే ఏదో దొరికినట్టే. ఏం దొరికిందో చెప్పమని అడిగితే మాత్రం చచ్చినా చెప్పడు.

షెడ్డులో అడుగుపెట్టగానే టైపిస్టుకు గొంతు మండింది. కిటికీ ఊచలు తుప్పుపట్టి సన్నబడ్డాయి. తాళం కప్ప పొరలు పొరలుగా రాలుతోంది. పనివాళ్లు నోరు తెరిస్తే ముందుపళ్లు అరిగి సగమై కనిపించాయి. మనుషుల్ని ఇలా కొంచెం కొంచెంగా తినేసే చోటుకి రోజూ ఎలా వస్తారో ఆవిడకు అర్థం కాలేదు. పైగా రాకపోతే ఇల్లు గడవదన్న సంగతి గుర్తొచ్చి మరింత ఒళ్లు మండింది.

తొట్ల పక్కన, తుప్పుపట్టిన మేకుకి, తళతళలాడుతూ ఒక మీటరు వేలాడుతోంది.

"చూశారా, అన్ని జాగ్రత్తలూ ఉన్నాయి," అన్నాడు మేనేజరు గర్వంగా. "పది లక్షల పాళ్ల గాలిలో ఆసిడ్ రెండు పాళ్లు దాటిందంటే కూస్తుంది. పొగొచ్చినా కూస్తుంది. కూస్తే అందరూ బయటికి పోవాలి."

"తగిలించి ఎన్నాళ్లయింది?"

"ఏడాది పైనే. పాతదాన్ని ఆసిడ్ తినేసింది. ఇదీ పాడైతే మేస్త్రీ ఉద్యోగం ఊడినట్టేనని అందరి ముందే చెప్పేశాను," అని నవ్వాడు.

డిటెక్టివ్ మీటరు తీసి తొట్టి మీద పట్టుకున్నాడు. చెవులు చిల్లులు పడేలా కూసింది.

"బాగానే ఉంది కదండీ," అన్నాడు మేస్త్రీ, దగ్గు ఆపుకుంటూ. "ఆ రోజు ఒక్కసారీ కూయలేదు, కావాలంటే వీళ్లనడగండి. ఇక ఇంట్లో ఏం జరిగిందో మాకేం తెలుస్తుంది?"

ఇంతలో అతని ఫోను మోగింది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి రబ్బరుబ్యాండు వేసి ఉంది. కవరు మీదనుంచే మాట్లాడి జేబులో పెట్టుకున్నాడు.

"ఫోనుకి రెయిన్‌కోటా అండీ?" అంది టైపిస్టు, నవ్వాపుకోలేక.

"ఈ గాలికి ఏదీ ఆగదమ్మా. రెండు ఫోన్లు పోయాయి."

డిటెక్టివ్ మళ్లీ కళ్లజోడు తీశాడు. బయటికొచ్చాక ఒక పనివాణ్ని పక్కకు పిలిచి, ఆ రోజు ఎర్రపొగ వచ్చిందా అని అడిగాడు. వాడు మేస్త్రీ వైపు చూసి గొంతు తగ్గించాడు. "వచ్చింది సార్. పైపుల్తోపాటు ఇత్తడి నట్టొకటి తొట్లో పడింది."

మర్నాడు అందర్నీ ఆ షెడ్డులోనే కూర్చోబెట్టాడు. అత్తగారి ఒళ్లో పిల్ల ఉంది. తల్లి ఎదురుగా కూర్చున్నా అటు చూడలేదు.

"విషం ఇంట్లో లేదు, ఇక్కడుంది," అన్నాడు డిటెక్టివ్. "ఈ ఆసిడ్‌లో వేళ్లు పెడితే పసుపచ్చబడతాయి, ఇత్తడి పడితే ఎర్రపొగ లేస్తుంది. పీల్చినవాడు కాసేపు దగ్గుతాడు. తర్వాత తగ్గిపోయిందనుకుంటాడు. కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు నిండుతుంది. అందుకే బాగున్నాననేవాణ్ని కూడా ఆసుపత్రిలో కనిపెట్టుకుని ఉండాలి."

"మరి మీటరు కూయలేదుగా?" అన్నాడు మేనేజరు.

"అదే నేనూ అడిగాను. ఇక్కడ మేకుని ఆసిడ్ తింది, తాళాన్ని తింది, మనుషుల పళ్లనీ తింది. ఏడాదిగా ఇదే గాలిలో ఉన్న మీటరు మాత్రం కొత్త పెళ్లికొడుకులా మెరుస్తోంది. ఎలా?" అంటూ మేస్త్రీ వైపు తిరిగాడు. "మీ ఫోను ఒకసారి బయటికి తీయండి."

మేస్త్రీ జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"గాలి తగలని మీటరుకి ఏం తెలుస్తుంది? పాడైతే ఉద్యోగం పోతుందని దానికీ మీ ఫోనుకిలాగే కనీకనబడని పల్చటి కవరు చుట్టారు. చుట్టిన సంగతి మర్చిపోయారు. పొగ చూసి తమ్ముడు వెనక్కి తగ్గితే, ఏమన్నారు?"

జవాబు ఆ పనివాడు చెప్పాడు. "'మీటరు కూయలేదుగా, భయమెందుకు, ఆ నట్టు తీసెయ్' అన్నాడు సార్."

"నాకు తెలీదమ్మా," అన్నాడు మేస్త్రీ తల్లితో. "పొద్దున కబురు తెలిసి ఇక్కడికి పరిగెత్తుకొచ్చా. అప్పుడు కనబడింది కవరు. పీకేశా."

"పీకేసి, తిన్నగా మా ఇంటికొచ్చి కోడల్ని అడిగావా?" అందా తల్లి.

"ముందు దాన్నంటే నన్ను అనరు కదా అని..."

ముసలావిడ ఒక కొడుకును పోగొట్టుకుని వచ్చింది, ఇద్దర్నీ పోగొట్టుకుని లేచింది. పిల్లను తెచ్చి కోడలి ఒళ్లో పెట్టింది.

"అంటే తప్పంతా మేస్త్రీదే," అన్నాడు మేనేజరు, ఊపిరి పీల్చుకుంటూ. "వీణ్ని పోలీసులు చూసుకుంటారు. ఇవాళ్టి నుంచి మీటరు బాధ్యత నీది," అని ఆ పనివాడికి చెప్పాడు. "జాగ్రత్త, పాడైందో..."

"కవరు నీ నోటికి తగిలించాలయ్యా!" అని అరిచింది టైపిస్టు. ఆవిడ అరవడం డిటెక్టివ్ ఎప్పుడూ చూడలేదు. ఆయన ఆపలేదు కూడా. మీ బెదిరింపు కూడా పోలీసు వాంగ్మూలంలో ఉంటుందని మాత్రం మేనేజరుకి చెప్పాడు.

పిల్ల, తల్లి మొహం కేసి పరీక్షగా చూసి, మెల్లగా మెడ చుట్టూ చేతులు వేసింది. తల్లి లేచి, మేస్త్రీ ముందు ఆగింది.

"ఆ రాత్రి ఆయన మంచినీళ్లడిగారు బావగారూ. నిద్రమత్తులో ఇచ్చాను. మీరందరూ అంటుంటే, ఏ గ్లాసులో ఇచ్చానా, అందులో ఏముందా అని రోజూ వంటింట్లో వెతుక్కున్నాను. నేనే చంపానేమోనని నేనే నమ్మేశాను," అంది.

మేస్త్రీకి దగ్గు తెర వచ్చింది. ఆవిడ అలవాటు కొద్దీ మంచినీళ్ల కోసం చుట్టూ చూసి, అంతలో ఆగి, పిల్లను ఎత్తుకుని బయటికి నడిచింది.