వెనక గదిలో నీలం వెలుగు

ఆ ఇంటి వెనక గదికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక కిటికీ అద్దం మీద నీలం వెలుగు కదులుతుందని ఎదురింటావిడ అనేది. లోపల ఎవరో గుసగుసలాడుతుంటే చెవులారా విన్నామని మేడమీద అద్దెకున్నవాళ్ళు ఒట్టేసి చెప్పేవారట. ఆ గది ఆ ఇంటి చిన్నోడిది మరి... బండి మీద వెళ్ళినవాడు తిరిగి రాలేదు.

వాడి అక్క ఈ మాటలు చెవిన పెట్టేది కాదు. ఆమె గోల ఇంటర్నెట్‌తో. పగలంతా అది పరుగులు పెట్టేది, రాత్రి భోజనాలయ్యేసరికి నత్తనడక. ఇంట్లోంచి చేసే ఉద్యోగం. రాత్రి మీటింగుల్లో మాట సగంలో తెగిపోతుంటే పైఆఫీసరు మొహం మాడ్చుకుంటున్నాడు.

ఒక రాత్రి తీగలన్నీ పీకి పెట్టింది. రూటర్ ఆపి మళ్ళీ వేసింది. ఊహూ. ఇక లాభం లేదని కనెక్షనిచ్చినాయనకి ఫోన్ చేసింది.

"లైను బాగానే ఉందమ్మా. మీ ఇంట్లోనే ఏదో లాగేస్తోంది. ఏయే ఫోన్లు తగులుకున్నాయో యాప్‌లో చూడండి."

చూసింది. తన ల్యాప్‌టాప్. తన ఫోన్. అమ్మ ఫోన్. ఇంకొకటి...

చిన్నోడి ఫోన్.

ఆ ఫోన్‌ని వాడి బట్టలతో పాటు మూటకట్టి ఇచ్చారు ఆసుపత్రివాళ్ళు. ఆ మూట విప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదనుకుంది ఇన్నాళ్ళూ.

వెనక గది తలుపు సందులోంచి వెలుగు. మెల్లగా తోసింది... మంచం ఖాళీ. పక్కన బల్ల మీద, గ్లాసుకి ఆనించి, తలగడకేసి తిప్పి — వాడి ఫోన్. అందులోంచి సన్నగా ఒక గొంతు.

"దుప్పటి కప్పుకో నాన్నా..."

తెర మీద అమ్మ మొహం.

అక్క అమ్మ గదికి నడిచింది. అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చేతిలో ఫోన్, ఫోన్లో ఆ ఖాళీ తలగడ.

"అమ్మా... రోజూ ఇదేనా?"

"నాకేం మతి పోలేదే," అంది అమ్మ, ఇటు తిరక్కుండానే. "వీడియో కాల్ నేనే చేస్తాను, నేనే వెళ్ళి ఎత్తి వస్తాను. ఆ గదిలో కూర్చోలేను. ఇందులో చూస్తే... ఎక్కడో దూరాన ఉన్నాడనిపిస్తుంది. అంతే."

అక్క చేతిలో ఫోన్ ఇంకా నడుస్తూనే ఉంది. "దొరికిందామ్మా? దాన్ని తీసేయమంటారా?" అంటున్నాడు కనెక్షనాయన.

"వద్దండీ," అంది అక్క. "ఉండనివ్వండి."

అమ్మ కాస్త జరిగి చోటిచ్చింది.