ఎనిమిదిన్నర తర్వాతి నానమ్మ

ఆ ఆదివారం ఉదయం ప్రూఫ్‌రీడర్ తన బల్ల ముందు కూర్చుని, తల్లి గురించి రాసిన ఒకే ఒక్క పేజీని నాలుగోసారి దిద్దుకుంటున్నాడు. పక్కగదిలో భార్య కుట్టుమిషను ఆగి ఆగి నడుస్తోంది. కూతురు తడిజుట్టుకు తువ్వాలు చుట్టుకుని కాఫీ కలుపుతోంది. తల్లి పోయి నెల దాటింది. సాయంత్రం ఆమెను తలుచుకోవడానికి వీధి గ్రంథాలయంలో బంధువులూ ఇరుగుపొరుగువారూ కలుసుకుంటారు. అక్కడ చదవవలసిన పేజీ అది. ముప్పై ఏళ్లుగా అచ్చాఫీసులో పరుల తప్పులు ఏరుతున్నవాడు గనుక, ఆధారం లేని విశేషణం ఒక్కటీ వాడలేదని ఆయన నమ్మకం.

తొమ్మిదింటికి చెల్లెలు వచ్చింది. సిటీ బస్సులో కండక్టరు కావడంతో, గుమ్మంలో చెప్పులు విడవకముందే ఆమె గొంతు వంటింటిదాకా చేరుతుంది.

"ఏదన్నయ్యా, ఏం రాశావో చూడనీ." కాగితం లాక్కుని పైకి చదివింది. "మా అమ్మ మితభాషిణి. శాంతమూర్తి. ఎవరికీ ఏ ఇబ్బందీ కలగకుండా తన గదిలో తాను... ఎవరమ్మా ఈవిడ? నాకు తెలీదే!"

"వెటకారం చాలు."

"వెటకారమా? అమ్మ ఒక్క పూట నోరు మూసుకుంటే జ్వరమేమోనని పక్కింటావిడ వచ్చి నుదురు పట్టి చూసేది! నా పెళ్లిలో మా అత్తగారి నడక నడిచి చూపిస్తూ, ఆవిడ వెనకే నిలబడి ఉందని చూసుకోలేదు. చివరికి మా అత్తగారే నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడింది. అదీ రాయాల్సింది."

"అది ఎప్పటి మాట? నా దగ్గరున్న మూడేళ్లూ నేను కళ్లారా చూశాను. వయసుతోపాటు అమ్మకి నెమ్మది వచ్చింది. ఆ గదిలోంచి చప్పుడే వినబడేది కాదు."

కుట్టుమిషను ఆగింది. భార్య చేతిలో కత్తెరతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మీరు చూసింది నిజమేనండీ. కానీ అది వయసుతో వచ్చిన నెమ్మది కాదు."

"మరి?"

"అత్తయ్య వచ్చిన మొదటి నెల. మీరు ఏదో పుస్తకం ప్రూఫులు దిద్దడానికి ఇంటికి తెచ్చుకున్నారు. ఆవిడా అమ్మాయీ పేకాడుతూ పడీ పడీ నవ్వుతున్నారు. తర్వాత ఆ పుస్తకంలో ఏదో తప్పు దొర్లిందని ఓ పేజీ మళ్లీ అచ్చేయాల్సొచ్చింది. ఆ రోజు వచ్చి ఆవిడతో ఏమన్నారు?"

ఆయనకు గుర్తుంది. వాక్యాలు మరిచిపోయే అలవాటు ఆయనకు లేదు. 'ఈ ఇంట్లో ఆ నవ్వు వినబడినంతకాలం నా పని సాగదమ్మా.' అంతే. గొంతు కూడా పెంచలేదు.

"అప్పట్నుంచి..." ఆయన ఎవరి మొహమూ చూడకుండా అడిగాడు. "అప్పట్నుంచి అమ్మ నవ్వనే లేదా?"

"నవ్వకేం నాన్నా!" అనేసి కూతురు నాలుక కరుచుకుంది.

"చెప్పు."

"నువ్వు ఎనిమిదిన్నరకి స్కూటరు తీస్తే చాలు, నానమ్మ బయటికొచ్చేసేది. 'ఫుల్‌స్టాప్ వెళ్లిపోయాడర్రా, ఇక కానివ్వండి' అనేది. పేకాటలో అన్నీ దొంగాటలే. అమ్మ కుట్టిన జాకెట్లు ఒకదానిమీద ఒకటి తొడుక్కుని నడుం తిప్పుతూ నడిచేది. పక్కింటావిడ, పాలాయన, కరెంటు మీటరు చూసేవాడు, ఎవరొచ్చినా ఓ గంట కదిలేవాళ్లు కాదు. సాయంత్రం నీ స్కూటరు సందు మలుపు తిరిగితే మాత్రం... ఎవరి గదుల్లోకి వాళ్లం."

మూడేళ్లు. కరెంటు మీటరు చూసేవాడికి కూడా దొరికిన తల్లి తనకు దొరకలేదు. ఆమె నోటికి తాళం వేసినవాడే ఆమెను మితభాషిణి అని మెచ్చుకుంటూ నాలుగుసార్లు దిద్దాడు.

"ఒక్కరైనా నాకు చెప్పలేదేం?"

"ఒట్టేయించుకుంది," అంది భార్య. "'వాడి పని అలాంటిది, చెప్పి వాణ్ని చిన్నబుచ్చకండి' అంది."

"బాధపడిందా?"

ఆమె ఆలోచించింది. ఊరడించడానికైనా అబద్ధమాడే మనిషి కాదు. "తెలీదండీ. నేనడగలేదు. మీరింట్లో ఉండే ఆదివారాలు మాత్రం పొద్దంతా కిటికీ దగ్గరే కూర్చునేది."

అంతసేపూ చెలరేగిన చెల్లెలు, "ఇక ఊరుకో వదినా," అంటూ వచ్చి అన్న వీపు మీద చెయ్యి వేసింది.

కాసేపటికి ఆయన కూతురి వైపు తిరిగాడు. "నన్ను కూడా అనుకరించేదా?"

"రోజూ. అందరూ అదే అడిగేవాళ్లు."

"చేసి చూపించు."

"వద్దు నాన్నా."

"చూపించమ్మా."

ఆ పిల్ల ఆయన కళ్లజోడు తీసుకుని ముక్కు కొసన పెట్టుకుంది. చేతులు వెనక్కి కట్టుకుని, మెడ బిగించి, బల్ల మీది గ్లాసును అచ్చుతప్పులా పరికించింది. "ఈ గ్లాసు ఇక్కడ ఎందుకున్నట్టు? దీనికి ఆధారమేమిటి?"

చెల్లెలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది; మొదట అది నవ్వే.

"అంతేనా?"

"చివర్న ఒకటుండేది." ఆమె కళ్లజోడు తీసేసింది. గొంతు మారింది, ముసలిదై, మెత్తబడింది. "'పాపం, అలిసిపోయి వస్తాడర్రా. గోల చాలించి ముందు వాడికి అన్నం వడ్డించండి.' ఇది అనకుండా మాత్రం ఏ రోజూ ఆపేది కాదు."

ఆయన బల్ల మీద తల ఆనించి, పక్కింటికి వినబడేటట్టు ఏడ్చాడు. భార్య కత్తెర కింద పెట్టి వచ్చి పక్కన నిలబడింది. ఎవరూ ఊరుకోమనలేదు.

చాలాసేపటికి మొహం తుడుచుకుని లేచాడు. "సాయంత్రం నువ్వు మాట్లాడు. ఏదీ తగ్గించొద్దు," అన్నాడు చెల్లెలితో. తర్వాత కుర్చీ తెచ్చుకుని కూతురికి ఎదురుగా, చాలా దగ్గరగా కూర్చున్నాడు.

"సరే, మొదటి రోజు. నేను వెళ్లిపోయాను," అన్నాడు. "తర్వాత మా అమ్మ ఏం చేసింది?"