మోరీ కాడ రాళ్లు

తెల్లవారి ప్రార్థన ముగించి అరుగు మీద కూర్చున్న రూతమ్మకు కోడలు గీత ఎడమ చేత్తో చాయ్ అందించింది. కుడి అరచేతికి కట్టు ఉంది. మోకాలు వాచి కుంటుతోంది. నిన్న చీకటి పడ్డాక ఆత్మకూరు నుంచి వస్తూ స్కూటీ మీద నుంచి పడింది. హెల్మెట్ ఉండబట్టి తల దక్కింది గానీ, ఆ మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

"ఎడమ చేత్తోనా ఇచ్చేది?" అంది రూతమ్మ.

"కుడి చేత్తో పట్టుకునేటట్టు లేదత్తమ్మా."

"ఎట్లుంటది? బుద్ధిగ బస్సుల పొయ్యి బస్సుల రావాలె. నెత్తి మీద కుండ బోర్లించుకొని రయ్యిన పోతే గిట్లనే అయితది."

హెల్మెట్‌ను కుండ అని తప్ప ఇంకో పేరుతో పిలిచిన పాపాన పోలేదు రూతమ్మ. గీత ఆత్మకూరులో మందుల దుకాణంలో పని చేస్తుంది. దుకాణం మూసే వేళకు ఊరికి బస్సు ఉండదని అత్తకు తెలుసు. బండి పోతే కోడలి ఉద్యోగం కూడా పోతుందనీ తెలుసు. తెలిసే అంటుంది.

లోపల అంగీ గుండీలు పెట్టుకుంటున్న కొడుకు మహేందర్ బయటికి వచ్చాడు. కొత్తకోటలో హైవే పక్కన మెకానిక్ షెడ్డులో అతని పని. రోజూ నుజ్జయిన బండ్లు చూసి చూసి లోపల దడ పుట్టింది. ఆ దడ మాత్రం బయటికి కోపంగానే వస్తుంది.

"సామ్యూల్ వస్తుండు, బండి చూస్తందుకు. ఇయ్యాల్నే ఆయనకు అమ్మేస్త," అన్నాడు పెళ్లాం మొహం చూడకుండా.

"నన్ను అడగకుండనే?"

"నిన్ను అడిగేదేముంది? రేపు దవాఖాన ముందట కూసునేది నేను."

"నా కష్టంతోని కొనుక్కున్న బండి అది."

"కాళ్లు చేతులు కూడ కొనుక్కుంటవా?"

కొడుకు తన పక్షాన మాట్లాడుతున్నాడు కదా అని రూతమ్మకు హుషారు వచ్చింది. "ఇంతకు యాడ పడ్డవే?" అని అడిగింది.

"మోరీ కాడ," అంది గీత.

రూతమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టింది. రెండు రోజులుగా ఊరి బయట ఆ కల్వర్టు దగ్గరే, తారు రోడ్డు మీద, తన వడ్లు ఎండుతున్నాయి. నిన్న పొద్దు వాలకముందే వడ్లు రోడ్డు పక్కకు కుప్ప చేసి పట్టా కప్పింది. చుట్టూ పెట్టిన రాళ్లు మాత్రం తీయలేదు. తీస్తే తెల్లవారేసరికి ఆ జాగాలో పొరుగింటి యాదయ్య వడ్లు ఉంటాయి. బస్సు సీట్లో తువ్వాల వేసినట్టు, ఆ ఊళ్లో రోడ్డు మీద జాగా పట్టుకునేది రాళ్లతోనే. రాళ్లు చాలక వాకిట్లో పడి ఉన్న పాత రుబ్బురోలు పొత్రం కూడా తెచ్చి పెట్టింది.

తన రాళ్ల వల్ల కాదు, కోడలే బండి ఉరికించి ఉంటుంది, అందుకే పడింది అని గట్టిగా అనుకుంది. అనుకున్న కొద్దీ గొంతు పెరిగింది.

"రాయి ఉన్నదో రప్ప ఉన్నదో చూస్కోని నడపాలె. కండ్లు యాడ పెట్టుకున్నవ్?"

గీత తలెత్తి అత్తను చూసింది. తన నోట రాయి మాటే రాలేదు. గ్లాసు తీసుకుని కుంటుకుంటూ లోపలికి పోయింది. ఆ చూపుకు రూతమ్మ అరుగు మీద ఎక్కువసేపు కూర్చోలేకపోయింది. వడ్లు ఆరబోయాలని చెప్పి రోడ్డు దారి పట్టింది.

మోరీ దగ్గర రోడ్డు మీద రాళ్లు లేవు. ఆ జాగాలో యాదయ్య నిమ్మళంగా తన వడ్లు ఆరబోస్తున్నాడు. ఆమె బెంగంతా అతని మీదికి మళ్లింది.

"సిగ్గుండాలె యాదయ్యా. నా రాళ్లు తీసిపారేసి నీ వడ్లు పోస్కుంటవా?"

"నీ రాళ్లు నేను ముట్టలే వదినా."

"నువ్వు ముట్టకుంటే నడిచిపొయినయా?"

యాదయ్య కాలితో వడ్లు పరచడం ఆపాడు. "నీ కోడలు తీసింది. రాయి తగిలి పడ్డది. నేను ఉరికొచ్చేసరికి లేచి నిలబడ్డది. మోచెయ్యి దాక నెత్తురు. గంతల ఒకాయన బైకు ట్యాంకు మీద బిడ్డెను కూసోబెట్టుకొని వస్తుండు. ఆ బండికి లైటు గూడ లేదు. గీతనే రోడ్డుకు అడ్డం పొయ్యి ఆపింది. ఆ రాళ్లన్ని పక్కకు ఈడ్చేదాక ఇంటికి పోలే."

రూతమ్మ రాళ్ల కోసం అటూ ఇటూ చూసింది.

"ఎవలి రాళ్లమ్మా ఇవి అంటే తెల్వదన్నది," అన్నాడు యాదయ్య. "ఆ పొత్రం మీ వాకిట్ల నేను చూడనిదా వదినా? ఆమె చూడనిదా?"

మోరీ గోడ పక్కన రాళ్లన్నీ కుప్పగా ఉన్నాయి. పొత్రం మీద స్కూటీ నీలి రంగు గీరుకుని ఉంది. దాని పక్కనే ఎండిపోయిన నెత్తురు వేళ్ల గుర్తులు ఉన్నాయి. ఆ ట్యాంకు మీది బిడ్డ ఎవరి బిడ్డో, ఎంతదో కూడా తెలియదు. ప్రభువా అనబోతే పొద్దున చేసిన ప్రార్థన గుర్తొచ్చి సిగ్గేసింది. వంగి పొత్రాన్ని చంకకెత్తుకుంది.

వాకిట్లో సామ్యూల్ స్కూటీ చుట్టూ తిరుగుతూ గీరుకుపోయిన చోట్లు చూస్తున్నాడు. మహేందర్ చెయ్యి చాపి నిలబడ్డాడు. "తాళంచెవి ఇయ్యి."

"ఇయ్య," అంది గీత.

"పదిమంది ముందర ఇజ్జత్ తీయకు. ఇటియ్యి."

"నువ్వే తీస్తున్నవ్. పడి నెత్తురుతోని వస్తే, ఎట్ల పడ్డవ్ అని ఒక్క మాట అడిగినవా నన్ను?"

మహేందర్ ఆమె పిడికిలి పట్టుకోబోయాడు. అప్పుడే రూతమ్మ పొత్రాన్ని వాకిట్లో దబ్బున పడేసింది. ముగ్గురూ అటు తిరిగారు.

"బండి అమ్మకు," అంది ఆయాసపడుతూ. "జాగ కోసం రోడ్డు మీద రాళ్లు విడిచిపెట్టి వచ్చింది నేనే. దీనికి తగిలే పడ్డది."

సామ్యూల్ ఇంకో రోజు వస్తానని గొణిగి జారుకున్నాడు. మహేందర్ పొత్రం మీది నీలి రంగును వేలితో తడిమాడు. తల్లిని ఏమనాలో తోచక పెళ్లాం మీదికే లేచాడు.

"రాత్రి నుంచి ఇన్ని మాటలు పడితివి. చెప్తందుకు నోరు లేదా?"

"చెప్తే ఏమైతుండె? రాయి కనవడలేదా, కండ్లు యాడ పెట్టుకున్నవ్ అందురు," అంది గీత.

పొద్దున తన నోటి నుంచి వచ్చిన మాట రూతమ్మకు అట్లాగే తిరిగొచ్చి తగిలింది. ఆమె అక్కడే నేల మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. గీత ఓదార్చలేదు, అట్లాగని లోపలికీ పోలేదు. "వడ్లు మిద్దె మీద పోద్దాం. మెట్లెక్కలేవు గద, ఈ పారి ఆయన మోస్తడు, చెయ్యి మానినంక నేను మోస్త," అంది. ఆ గొంతులో కోపం అట్లాగే ఉంది.

చెయ్యి మానేదాకా మహేందరే ఆమెను దుకాణం దగ్గర దింపి, తీసుకొచ్చాడు. షెడ్డులో మూలకు వేలాడుతున్న తన హెల్మెట్ తెచ్చుకోక తప్పలేదు. అది లేనిదే బండి వాకిలి దాటనీయలేదు గీత.

కట్టు విప్పాక ఒక పొద్దున స్కూటీ మళ్లీ వాకిట్లోకి వచ్చింది. గీత బయలుదేరబోతుంటే రూతమ్మ ఎదురొచ్చింది.

"జర ఆగు. హెల్మెట్ యాడుంది?"

ఆ పేరు అత్త నోట వినడం గీతకు అదే మొదలు. బండికి తగిలించి ఉన్నదాన్ని రూతమ్మే తీసింది. చెవి పైన పడే చోట లోతుగా గీరుకుపోయి ఉంది. కొంగుతో అక్కడ రెండుసార్లు తుడిచింది. గీత చేతులు ఖాళీగానే ఉన్నాయి. అయినా రూతమ్మే కోడలి తలకు దాన్ని పెట్టి, గడ్డం కింద పట్టీ వెతుక్కుని బిగించింది.

"వదులుగుంది అత్తమ్మా," అంది గీత. "ఇంకొంచెం బిగియ్యి."