అనంతగిరి దారిలో బండల లారీ

“నీలం బండలున్నయా?”

“పచ్చవే మిగిలినయ్, సేఠ్.”

సైరా జవాబుతో కోడ్ సరిపోయింది. వికారాబాద్ జంక్షన్ వెయిటింగ్ రూమ్‌లో సైరా నల్లకళ్లద్దాలు తీసింది. విదేశీ ముఠా జీతం తింటూనే ఢిల్లీకి సమాచారం చేరవేసే డబుల్ ఏజెంట్ ఆమె. ఎదురుగా తాండూరు బండల వ్యాపారి వేషంలో ఏజెంట్ అజమత్. వేషమని పేరేగాని, అతను పెరిగింది ఆ బండల గనుల్లోనే.

1978 ఆగస్టు. బయట ముసురు.

“సరిహద్దులకు రేషన్ మోసే మన పాత విమానాలకు కొత్త ఆల్టిమీటర్లు పెడుతున్నరు గదా,” అంది సైరా.

“నేల ఎంత కిందున్నదో చెప్పే మీటర్. పోటీల రెండే మిగిలినయ్. మనోళ్లు చేసింది, ముఠా అమ్మేది. ఇయ్యాల మన దానికి టెస్ట్ ఫ్లైట్.”

“గా విమానం కూలుతది, అజమత్ సాబ్. అనంతగిరి కింద బండల లారీల ట్రాన్స్‌మిటర్ పెట్టిన్రు. దొంగ సిగ్నల్‌తోటి మీటర్ ఎత్తు ఎక్కువ చూపిస్తది. మబ్బుల పైలట్ కిందికి దిగుతడు, కొండకు గుద్దుతడు. రేపు మీటర్లు కొనే కమిటీ ముఠా దాన్నే ఎంచుకుంటది.”

“విమానంల ఎవరున్నరు?”

“ఇద్దరు పైలట్లు, హనుమంతు. అసలు ఎక్కాల్సింది కమిటీ మెంబర్ బాల్‌రాజ్. కడుపునొప్పని తన అసిస్టెంట్ హనుమంతును ఎక్కించిండు. ఇప్పుడు డాక్ బంగ్లాల కోడికూర తింటున్నడు.”

అజమత్ బయట ఆపిన తన జీపువైపు పరుగెత్తాడు.

జీపు తాండూరు రోడ్డెక్కింది. వానకు రోడ్డు తెగి, ఘాట్ కింద బండల లారీలు బారులు తీరి ఉన్నాయి. పైన మబ్బుల్లో ఇంజన్ల మోత. ఒక్కో లారీ సోదా చేసే టైమ్ లేదు.

అజమత్ వరసంతా కళ్లతోనే గాలించాడు. తాండూరు బండల్ని అంచుమీద నిలబెట్టి, మధ్యలో గడ్డి కుక్కి లోడ్ చేస్తారు. పండబెడితే గుంతల్లో పగిలిపోతాయి. చివరి లారీలో మాత్రం బండలు దుప్పట్లలా ఒకదానిమీద ఒకటి పడుకుని ఉన్నాయి.

“ఏం భయ్, గిట్ల పండవెట్టినవ్? పట్నం చేరెవరకు చిప్పలైతయ్!”

“మా సేఠ్ ఇలాగే పెట్టమన్నారు.”

ఆ యాస ఈ జిల్లాది కాదు. డ్రైవర్ చెయ్యి సీటు కిందికి పోయింది. అజమత్ తలుపును ఆ చేతిమీదే దబ్బున మూశాడు. పిస్తోలు బురదలో పడింది. లారీ బ్యాటరీ నుంచి బండల కిందికి పోతున్న వైరును రెండు చేతులా పట్టి లాగేశాడు.

అజమత్ జేబులోని సిగరెట్ పెట్టెలో దాచిన రిసీవర్‌లో పైలట్ గొంతు అరిచింది. “మీటర్‌లో ఎత్తు ఒక్కసారిగా పడిపోయింది! కొండ! పైకి లాగు!”

మబ్బును చీల్చుకుని విమానం పొట్ట కనిపించింది. చెట్ల కొనలు రాసుకుంటూ పైకి లేచిపోయింది.

డాక్ బంగ్లా వరండాలో బాల్‌రాజ్ వేళ్లు నాకుతూ, కొండవైపు పొగ కోసం చూస్తున్నాడు. అజమత్‌కు అతన్ని ముట్టుకోవాలంటేనే రోత పుట్టింది. అయినా జేబులోంచి బేడీలు బయటికి తీశాడు.

“జర ఆగు భయ్, చెయ్యి కడుక్కొని వస్త,” అన్నాడు బాల్‌రాజ్.

“ఎందుకు సాబ్, గా చెయ్యికి ఊకె నీళ్లు దండుగ.”